ఒక్క గంజు అన్నం

చెప్పులు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాయి.

కొత్తిమీర కట్ట చేత్తో పట్టుకుని మంజుల గేటు ముందే ఆగిపోయింది. పొద్దున్నుంచీ అంతా వింతగానే ఉంది. కొత్తిమీరకని బయటికొచ్చి, పనిలో పనిగా పలకరిద్దామని నారాయణగూడలో నాగేందర్ గదికి వెళ్తే తాళం. చిక్కడపల్లిలో మహేశ్వరి వాళ్ళు కూర్చునే గదికి వెళ్తే అక్కడా తాళం. ఆదివారం పూట, సరిగ్గా ప్రార్థన కూడికలకు మనుషులు చేరే వేళకు, రెండిళ్ళకూ తాళాలేమిటి? ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో అని కంగారు పడుతూ అశోక్ నగర్‌కు తిరిగొచ్చింది. ఇదిగో, జవాబు మెట్ల నిండా ఉంది. ఆడపిల్లల చెప్పులు, మగపిల్లల శాండల్స్, ఎవరి పసివాడివో చిన్న బూట్లు. మేడమీద మైకు గరగరమంది.

"మైకా?" అంది మంజుల పైకే.

"నన్నడుగుతున్నవా?" కింది పోర్షన్ తలుపు తీసుకుని జయశ్రీ వచ్చింది. ఇంటి ఓనరమ్మ. చేతిలో ఇంకా పూజ గంట ఉంది, దాన్ని లోపల పెట్టి రావాలన్న ధ్యాస కూడా లేదు. "మైకు ఎందుకొచ్చిందని నేను నిన్నడగాలె మంజులా. ఇల్లిచ్చిన్నాడే మీ కూడిక సంగతి చెప్పినవు. నేను కాదన్ననా? కొంతమంది వస్తరు, ఓ పాట పాడుకుంటరు, తింటరు, పోతరు. నువ్వు పప్పుచారు పంపితే మా ఆయన గిలాసల పోస్కొని తాగుతడు. మరి ఇదేంది? ఆ కారు చూడు, మా గేటుకు అడ్డంగ పెట్టిండ్రు. పక్కింటోళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. ఇల్లు ఫంక్షన్ హాల్ చేసిండ్రా అని అడుగుతున్నరు!"

"నాకు తెల్వదక్కా. నేను ఇప్పుడే వస్తున్న."

"నీ ఇంట్ల ఏమైతుందో నీకు తెల్వదా?"

మంజులకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఎందుకంటే నిజంగానే ఆమెకు తెలియదు.

జయశ్రీ గొంతు తగ్గించింది. "మా ఆయన ఖరాఖండిగ చెప్పిండు. నెలాఖరుకు ఖాళీ చెయ్యుమని. ఆయనకు మొహమాటం, నిన్ను చూసి చెప్పలేడు, నన్ను పంపిండు. నాకూ మంచిగ లేదు మంజులా. గని ఈ చెప్పులు చూసినంక నేనేం మాట్లాడాలె, నువ్వే చెప్పు."

మంజుల కొత్తిమీర కట్ట ఇంకో చేతికి మార్చుకుంది. కొంగు బిగించుకుని, చెప్పుల మధ్య కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ మెట్లెక్కింది.

ఈ ఇంటికో పద్ధతి ఉంది. మంజుల వారమంతా సందు మొదట్లో కర్రీ పాయింట్ నడుపుతుంది. పరీక్షలకు చదువుకునే పిల్లలు హాస్టల్‌లో అన్నం మాత్రం వండుకుని ఆమె దగ్గర కూర పట్టుకెళ్తారు. ఆ పిల్లల్లో కొందరితో మొదలైందే ఈ ఆదివారం కూడిక. పాట, ప్రార్థన, వాక్యం మీద తలా ఒక మాట, తర్వాత ఒక్క గంజు గిన్నెలో వండిన అన్నం. ఆ గంజు అందరికీ సరిపోయినన్నాళ్ళూ అది ఒక ఇల్లు. చాలకపోతే పెద్ద గంజు కొనరు. సగంమంది లేచి వేరేచోట పొయ్యి పెట్టుకుంటారు. లోకంలో పొయ్యి వేరు పడిందంటే ఏడుపులూ శాపనార్థాలూ! వీళ్ళకు మాత్రం అది పండగ. అలా మహేశ్వరి వెళ్ళి చిక్కడపల్లిలో పెట్టింది. నాగేందర్ నారాయణగూడలో పెట్టాడు. వాళ్ళ పొయ్యిల్లోంచి రాంనగర్‌లో ఒకటి, కవాడిగూడలో ఒకటి పుట్టాయి. పాస్టరు లేడు, బోర్డు లేదు, కమిటీ లేదు. ఒకరి ఇంటి సంగతి ఇంకొకరు తేల్చరు. అందరినీ తెచ్చి ఒక్క కప్పు కింద కూర్చోబెట్టే పని ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

ఈరోజు ఆమె మొగుడు చేశాడు.

పైన హాలు అని పేరేగానీ, అందులో పదిమంది కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. ఇప్పుడు బాల్కనీలోనూ వంటింట్లోనూ కూడా మనుషులే. కిటికీ దగ్గర మహేశ్వరి తన హాస్టల్ అమ్మాయిలతో ఇరుక్కుని ఉంది. గోడకు ఆనుకున్న నాగేందర్ మంజులను చూడగానే తల దించుకున్నాడు. వంటింటి గడపలో ఆమె అత్త భూదేవి ఎవరి బిడ్డనో ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది. మధ్యలో, మైకు పట్టుకుని, సురేశ్.

సురేశ్ కోచింగ్ సెంటర్‌లో రీజనింగ్ చెబుతాడు. వందలమంది పిల్లల ముందు మైకులో మాట్లాడి మాట్లాడి, మైకు లేకపోతే గొంతు పెగలని స్థితికి వచ్చాడు. ఇంట్లో ఉప్పు అడిగినా పాఠం చెప్పినట్టే అడుగుతాడని భూదేవి దెప్పుతుంది.

"ఇగో, వచ్చింది! మా పాస్టరమ్మ!" అన్నాడు మైకులో.

అందరూ చప్పట్లు కొట్టారు. మంజులకు ఒళ్ళు మండింది. ఆ మాట ఈ ఇంట్లో ఇంతకుముందు ఎవరూ ఎవరినీ అనలేదు.

మంచం మీద కూర్చున్న పెద్దమనిషి లేచి నిలబడి చేతులు జోడించాడు. "వందనాలమ్మా. సురేశ్ మీ గురించి చాలా చెప్పాడు." ఆయన దేవసహాయం గారు. కోస్తా నుంచి వచ్చి, నగరంలో పెద్ద సంఘం కట్టిన మనిషి. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, మెత్తటి మాట. చెడ్డవాడై ఉంటే మంజులకు పని సులువయ్యేది. ఆయన చెడ్డవాడు కాదు.

"కవాడిగూడలో మాకో హాలు ఖాళీగా ఉందమ్మా. మీ అందరికీ సరిపోతుంది. బోర్డు రాయించేశాం. వచ్చే ఆదివారం ప్రతిష్ఠ. అదే రోజు సురేశ్‌ను పాస్టరుగా అభిషేకిద్దాం. ఇకమీదట ఆదివారాలు అందరూ అక్కడ కూడండి. ఇళ్ళలో కావాలంటే వారం మధ్యలో ప్రార్థన పెట్టుకోవచ్చు."

"ఆదివారం ఇళ్ళల్ల ఉండదా?"

"ఒక సంఘానికి ఒక ఆరాధన ఉండాలి కదమ్మా."

"మేము ఒక సంఘం కాదయ్యగారు. ఎవరిల్లు వాళ్ళ సంఘం."

"అదేనమ్మా నా భయం. చెదిరిపోయిన గొర్రెలు..."

"చెదరలే. మేమే పంపినం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సురేశ్ ఉరిమి చూశాడు. దేవసహాయం గారు మాత్రం నవ్వారు.

"బాగా అన్నారు. కానీ కాండం లేకుండా కొమ్మలుంటాయా?"

"గరికకు కాండమేడిది అయ్యగారు? ఈడ పీకితె ఆడ లేస్తది."

"లేస్తుంది. దారినపోయే ప్రతివాడూ దాన్ని తొక్కుతాడు కూడా. రేపు ఎవరో వచ్చి మీ పిల్లల్ని గదిలోంచి పొమ్మంటే, వాళ్ళ తరఫున వెళ్ళి మాట్లాడేది ఎవరమ్మా? ఏ పేరు చెప్పుకుని మాట్లాడతారు?"

మంజుల కిటికీలోంచి కిందికి చూసింది. జయశ్రీ మాట ఇంకా చెవిలోనే ఉంది. ఆ సంగతి ఈ పెద్దమనిషికి తెలియదు, అయినా సరిగ్గా అక్కడే పొడిచాడు.

"ఇంకోటి. ఏమనుకోకండి," అన్నారాయన. "రాంనగర్‌లో మీవాళ్ళ కూడికలో ఒకబ్బాయి, ప్రార్థన చేశాం కదా ఇంక షుగరు మాత్రలు మానెయ్ అని ఒక పెద్దామెకు చెప్పాడట. పైన పెద్ద అంటూ ఒకరు లేకపోతే ఇలాంటివి ఎవరు దిద్దుతారు?"

"నేను పోయిన," అన్నాడు నాగేందర్. గోడ దగ్గర నుంచి మొదటిసారి మాట్లాడాడు. "రోజూ పోయిన అయ్యగారు. వాని పక్కన కూసొని తిన్న, కొట్లాడిన, మళ్ళ తిన్న. ఆఖరికి వాడే ఆమెను దవాఖానకు తీస్కపోయిండు. అందరి ముంగట తప్పయిందని ఒప్పుకున్నడు."

"సంతోషం బాబూ. ఈసారి దిద్దారు. ప్రతిసారీ దిద్దగలమని మీకు ధైర్యం ఉందా?"

నాగేందర్ మళ్ళీ గోడకు ఆనుకున్నాడు. ఆయన అడిగినదాంట్లో ఎకసెక్కం లేదు. ఉంటే ఎవరో ఒకరు తిరగబడేవాళ్ళు.

తర్వాత భోజనాలు. అసలు అవమానం అక్కడ జరిగింది.

మంజుల పొద్దున వండి వెళ్ళింది ప్రతి ఆదివారం వండే ఒక్క గంజే. ముందు పసిపిల్లలకు పెట్టారు. తర్వాత హాస్టల్ అమ్మాయిలకు తలా పిడికెడు వచ్చింది. బాల్కనీలో ఉన్నవాళ్ళకు గంటె గంజు అడుగున గీసుకున్న చప్పుడు వినిపించింది. "పార్సిల్ తెప్పిస్త, ఆగుండ్రి!" అని సురేశ్ ఫోన్ తీశాడు. కానీ పిల్లలు అప్పటికే లేచారు. "పర్వాలే అక్కా, మెస్‌ల తింటం," అన్నారు. మంజుల మొహం చూడకుండా అన్నారు. వారమంతా కూరలమ్ముకునే మనిషి, ఆదివారం ఒక్కపూట ఊరికే కడుపునిండా పెట్టి ఆనందపడే మనిషి. ఆమె గడప దాటి ఆకలితో వెళ్ళిపోతున్నవాళ్ళను చూస్తూ నిలబడాల్సి వచ్చింది.

దేవసహాయం గారు కంచం ముట్టలేదు. "పిల్లలకు పెట్టండమ్మా," అని, నిలబడే చిన్న ప్రార్థన చేసి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. కారు గేటు ముందు నుంచి తీయించి, జయశ్రీకి క్షమాపణ కూడా చెప్పి వెళ్ళారు. అంత మంచితనం మీద మంజులకు ఏడుపొచ్చింది.

నాగేందర్, మహేశ్వరి ఇళ్ళవాళ్ళూ, రాంనగర్, కవాడిగూడల నుంచి వచ్చిన కొందరూ మాత్రం మిగిలారు. మంజుల వంటింట్లోకి వెళ్ళింది. వెనకే సురేశ్.

"ఏందట్ల మొకం పెట్టినవ్? పెద్దమనిషి ఇంటికొస్తె గట్లనేనా మాట్లాడుడు?"

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా నీకు?"

"అడిగితె వద్దంటవు."

"అంటె తెల్సే చేసినవన్నట్టు."

"ఆఁ, తెల్సే చేసిన!" సురేశ్ గొంతు లేచింది. హాల్లో మాటలు ఆగిపోయాయి. అతను గొంతు తగ్గించాడు గానీ కోపం తగ్గించలేదు. "ఎన్ని దినాలు ఇట్ల? ఇల్లిల్లు తిరుగుడు, పొయ్యి వేరు పెట్టుడు. ఎవరన్న అడిగితె ఏమని చెప్పాలె? మేము అన్నం తినే సంఘం అని చెప్పాల్నా?"

"చెప్పు. తప్పేముంది?"

"నీకు తప్పు లేదు. నువ్వు అందరికి అక్కవు. గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా మంజులక్క, మంజులక్క. మరి నేనెవర్ని?" అతను పొయ్యి గట్టు పట్టుకున్నాడు. "నా దగ్గర చదువుకున్నోళ్ళు ఎస్సైలయిండ్రు, డిప్యూటీ తాసీల్దార్లయిండ్రు. నాకొక్క నౌకరీ రాలే. ఊరికి పోతె ఏం చేస్తున్నవుర అంటరు. నేను నోరు తెరిచెలోపల, వీని పెండ్లాం కూరలమ్ముతదంట అని వాళ్ళే చెప్పుకుంటరు. దేవుని పని ఒక్కటి దొరికింది మంజులా నాకు. అది గూడ పేరు లేకుండనే చెయ్యాల్నా?"

మంజుల కోపం తడబడింది. అతను రాత్రులు నిద్రపట్టక అటూ ఇటూ దొర్లటం ఆమె ఎరుగును. పాపం అనిపించింది. పాపం అనిపించినందుకు మళ్ళీ కోపమొచ్చింది.

"నాకు పేరు కావాలె అని నాతోని అంటె కూసొని మాట్లాడుకునేటోళ్ళం. నా నోట్ల మాట నువ్వు చెప్పుడేంది? పాస్టరమ్మ అంటివి. నేను ఒప్పుకున్ననని ఆయనకు చెప్పినవా?"

సురేశ్ సింకులోని గిన్నెల వైపు చూశాడు.

"చెప్పినవా?"

"చెప్పిన."

"మా జయశ్రీ అక్క ఇల్లు ఖాళీ చెయ్యుమన్నది. అది నీకు తెల్సా?"

"చూసినవా!" సురేశ్ ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డాడు. "అందుకే గద హాల్ కావాలంటున్న!"

"నువ్వు మైకు పెట్టినవనే గద ఖాళీ చెయ్యుమన్నది!"

గడపలో భూదేవి దగ్గింది. ఆ దగ్గుకు అర్థం ఇద్దరికీ తెలుసు. నోరు మూసుకోండి, బయట అందరూ వింటున్నారని.

నాగేందర్ తలుపు దగ్గరికి వచ్చాడు. "అక్కా, అందరం ఈడ ఉన్నప్పుడే తేల్చుకుంటె మంచిది. లేకుంటె వారం దినాలు ఫోన్లల్ల గుసగుసలే నడుస్తయి."

వాళ్ళ పద్ధతిలో చేతులెత్తి లెక్కపెట్టడం లేదు. ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటివాళ్ళు పక్కకు వెళ్ళి మాట్లాడుకుంటారు. ఆ ఇంట్లో తినే ప్రతి మనిషీ నోరు విప్పి చెప్పాలి. అందరి మాటా ఒక్కటైతేనే ఇల్లు కదులుతుంది. కాకపోతే అయ్యేదాకా కలిసి తింటూనే ఉంటారు. సురేశ్‌కు ఈ పద్ధతి మొదటి నుంచీ చిరాకే, కానీ అందరి ముందూ కాదనలేకపోయాడు.

నాగేందర్ వాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. మహేశ్వరి వాళ్ళు బాల్కనీలో తలుపు వేసుకున్నారు. రాంనగర్, కవాడిగూడ వాళ్ళు మాత్రం, ఇంట్లో ముసలివాళ్ళు రాలేదు, వాళ్ళను అడగకుండా ఏమీ చెప్పలేం అన్నారు. చెప్పి చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. సురేశ్ హాల్లో అటూ ఇటూ నడిచాడు. మంజుల ఖాళీ గంజు తోముతూ కూర్చుంది.

ముందు నాగేందర్ వచ్చాడు. "మా ఇల్లు రాదన్నా. హాల్‌కు పోతె మాలో సగం మంది నోరు తెరవరు, నాకు తెల్సు. ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నరు."

"నీ ఇష్టం," అన్నాడు సురేశ్ ముభావంగా.

మంజుల ఊపిరి పీల్చుకుంది. ఇక మహేశ్వరి సంగతి అడగనక్కర్లేదు అనుకుంది. మొదటి పొయ్యి మహేశ్వరిది. సిద్దిపేట దిక్కు నుంచి గ్రూప్స్ పరీక్షకని వచ్చి, డెంగీతో హాస్టల్ గదిలో ఒంటరిగా పడి ఉంటే, మంజుల ఇంటికి తెచ్చుకుని గంజి తాగించిన పిల్ల. తన కడుపున పుట్టకపోయినా పుట్టినట్టే.

బాల్కనీ తలుపు తెరుచుకుంది. మహేశ్వరి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, మేము హాల్‌కు పోతం."

సబ్బు నురగతో ఉన్న చేతులు గంజు మీదే ఆగిపోయాయి.

"నీ మీద కోపంతోని కాదక్కా. ఆదివారం ఏడికి పోతున్నరని మా హాస్టల్ వార్డెన్ అడుగుతది. లైబ్రరీకి అని చెప్తం. ప్రతి ఆదివారం అబద్ధం చెప్పి ప్రార్థనకు వస్తున్నం. మొన్న ఊర్ల మా నాయిన, ఏ చర్చికి పోతున్నవ్ బిడ్డా అన్నడు. చర్చి కాదు నాయినా, ఇల్లు అన్న. ఎవరింటికి పోతున్నవే, ఆడ ఎవరెవరుంటరే అని మస్తు లొల్లి చేసిండు. మొగపిల్లలను ఎవ్వరు అడగరక్కా. మమ్మల్ని అడుగుతరు. బోర్డున్న జాగ ఉంటె, ఇగో ఈడికే అని చెప్పి తల ఎత్తుకొని పోతం."

మంజుల ఆ పిల్ల ముఖం వైపే చూసింది. ప్రతి ఆదివారం వీళ్ళు ఇంత భయం మోసుకుని తన ఇంటి మెట్లెక్కారు. తను ఒక్కసారైనా అడిగిందా? కూర ఇంకొంచెం వేసుకో అని అడిగింది. ఇది అడగలేదు.

"అక్కా," అన్నాడు నాగేందర్ మెల్లగా, "నువ్వు వద్దంటె ఆగుతది. ఒక్క మాట అను."

మహేశ్వరి కూడా తలూపింది. "నువ్వు వద్దను, ఆగుతం. నీ మీద ఒట్టు."

సురేశ్ పక్కకు తిరిగి మంజులనే చూస్తున్నాడు. ఇప్పుడు అనకుండా ఉంటుందా అన్నట్టు.

ఆ ఒక్క మాట నాలుక మీదికి వచ్చింది. అంటే మహేశ్వరి ఉండిపోతుంది. మిగతా ఇళ్ళు కూడా రేపట్నుంచి ఏం చెయ్యాలన్నా మంజులక్క ఏమంటుందో అని ఆమె వైపే చూస్తాయి. అప్పుడు హాలుండదు, బోర్డుండదు, మైకుండదు. పెత్తనం మాత్రం ఉంటుంది, అది ఆమెదే అవుతుంది. సురేశ్ చేసిన పనికీ దానికీ తేడా ఏమిటి?

మంజుల చేతులు కడుక్కుంది. కొంగుకు తుడుచుకుని లేచింది.

"నేను వద్దనను. మీ ఇల్లు మీది."

"అక్కా..."

"ఏడిస్తె కొడ్త. ఇటు రా." ఆమే ఏడుస్తోంది. మహేశ్వరి తల మీద చెయ్యి పెట్టింది, మిగిలిన అమ్మాయిలు చుట్టూ చేరారు. "దేవా, వీళ్ళు నీ పిల్లలు, నా పిల్లలు కారు. ఆ హాల్ల వీళ్ళకు భయం లేకుండ చెయ్యి. ఎవ్వరు వీళ్ళ నోరు మూయకుండ చూడు. ఆకలైతె నా కాడికి తోలు." ప్రార్థన అంతే. చివర ఆమెన్ భూదేవి అంది.

అమ్మాయిలు వెళ్ళేదాకా సురేశ్ ఓపిక పట్టాడు. పట్టాడు గానీ, అతని ముఖంలో గెలుపు దాగలేదు.

"మంచిగైంది. ఇగ మన ఇల్లు," అన్నాడు. "మనం గూడ పోతున్నం."

"ఎవరు చెప్పిండ్రు?" అంది మంజుల.

"నేను చెప్తున్న. ఇంటాయన్ని."

"మహేశ్వరి వాళ్ళు గంటసేపు తలుపేసుకొని అందరిని అడిగిండ్రు. నువ్వు ఎవర్నడిగినవ్?"

"అడుగుత, దానికేంది!" సురేశ్ గడప వైపు తిరిగాడు. "అమ్మా, హాల్ల పెద్ద పెద్ద ఫ్యాన్లున్నయి. కింద కూసునే తిప్పలు లేదు, నీ మోకాళ్ళకు మంచిగుంటది. వస్తవ్ కద?"

భూదేవి ఒళ్ళో బిడ్డను దాని తల్లి ఎప్పుడో తీసుకెళ్ళింది. ఖాళీ ఒళ్ళో ఆమె కొంగు సర్దుకుంది. కొడుకు అభిషేకం అంటే ఆమెకు ఆనందం లేక కాదు. పొద్దున దేవసహాయం గారు ఆ మాట అన్నప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మురిసిపోయిన మనిషే.

"నువ్వు పో కొడుకా. నేను రాను."

"ఎందుకమ్మా?"

"ఊర్ల చర్చిల మీ నాయిన ఉన్నన్ని దినాలు నేను ఎనక వరసల కూసున్న. నా పేరేందని అడిగినోడు లేడు. ఈడ పిల్లలు పరీక్ష ఉందంటె నా కాడికొస్తరు. అవ్వా, జర ప్రార్థన చెయ్యి అంటరు. నోరు తెరిచి దేవునితోని మాట్లాడుడు నాకు ఈ ఇంట్లనే వచ్చింది. నీకు మైకు మంచిగుంటది బిడ్డా, నువ్వు మంచిగ చెప్తవు. నాకు మాత్రం ఆడ మళ్ళ ఎనక వరసనే."

"అమ్మా, నేనే పాస్టర్నయితె నిన్ను ముంగట కూసోవెడ్త గద!"

"ముంగట కూసుంటె మాట్లాడనిస్తవా?"

సురేశ్ గడప దగ్గర నుంచి వెనక్కి జరిగాడు. పెళ్ళాం ఎదిరిస్తుందని అతను లెక్క వేసుకునే వచ్చాడు. తల్లిని లెక్కలో వేసుకోలేదు.

"సరే! ఉండుండ్రి. ఇద్దరు అత్తకోడండ్లు ఉండుండ్రి. ఏడుంటరు? నెలాఖరుకు ఇల్లే లేదు! ఇల్లే లేకుంటె ఇంటి సంఘమేంది, చెప్పుండ్రి! ఏడ పెడ్తరు పొయ్యి? రోడ్డు మీదనా?"

నాగేందర్ ఏదో అనబోయి ఆగాడు. తన గది ఇప్పటికే నిండిపోయింది. ఈ సందులో ఇంకో ఓనరు ఈ ఆదివారం సంగతి విన్నాక ఇల్లిస్తాడన్న ఆశ ఎవరికీ లేదు. భూదేవి కోడలి వైపు చూసింది.

సురేశ్ ఉక్కకు విప్పేసిన చొక్కా మళ్ళీ బనియన్ మీద తొడుక్కున్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. ఈసారి అతని గొంతులో కోపం లేదు.

"ఆదివారం స్టేజి మీద నా పక్కన నీకు కుర్చీ ఏస్తరు మంజులా. అయ్యగారు నీ పేరు పిలుస్తరు. అందరు చూస్తరు. నువ్వు రాకుంటె నా ఇజ్జత్ పోతది. నీ కాళ్ళు మొక్కుత, ఆ ఒక్కదినం రా."

పెళ్ళయినప్పటి నుంచి సురేశ్ ఆమెను ఏదీ ఇలా అడగలేదు. మంజుల గుండె నీరైంది. కళ్ళు తుడుచుకుంది. అతను చొక్కా గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టుకున్నాడు. దగ్గరికి వెళ్ళి అది విప్పి సరిగ్గా పెట్టింది. ఆమె ఒప్పుకుందనే అతను అనుకున్నాడు.

"ఆదివారం నేను ఏడుంటనో నాకే తెల్వదు," అంది. "గని ఆ కుర్చీల ఉండను."